పంకా కొనుటకు ముందు అది పీల్చు గాలిని లెక్కింపుడు

రచన: వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (అగ్రి.)

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని కొత్తపేట మీదుగా ఎల్.బి.నగరు చౌరస్తా వరకు గల దారి మన రైతు సోదరులకు చిరపరిచితము. విజయవాడ రహదారియు, నాగార్జునసాగరు రహదారియు ఈ చౌరస్తా వద్దనే కలియును. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెటు బాటసింగారమునకు తరలిపోయి, 2022లో పాత షెడ్లు కూల్చివేయబడినను, హయత్‌నగరు, ఇబ్రహీంపట్నము, చౌటుప్పలు వైపు రైతులు మోటార్లకు, స్టార్టర్లకు, పైపులకు ఈ దారికి వచ్చుట మానలేదు. వారు కొనుచున్న సరకులలో ఇటీవల పెద్ద పంకా ఒకటి చేరినది. మక్కల డ్రయ్యరునకు బ్లోయరు, కోళ్ళ షెడ్డునకు ఎగ్జాస్టు పంకా, మామిడికాయ మాగవేయు గదికి గాలి త్రిప్పు పంకా – ఇట్లు పలువిధములుగా వీటి అవసరము ఏర్పడుచున్నది.

వీటిని కొనునపుడు రైతు సాధారణముగా మూడు సంగతులు అడుగును: వెల ఎంత, మోటారు ఎన్ని హార్సుపవరులు, గాలి ఎంత వచ్చును. అమ్మువాడు కేటలాగు తెరచి మూడింటికిని జవాబు చూపును. నాలుగవ ప్రశ్న ఒకటి గలదు. దానిని ఇద్దరును మరచుచున్నారు. ఈ పంకా ఎటువంటి గాలిని పీల్చబోవుచున్నది? ఎంత వేడి గాలి, ఎంత ఎత్తున ఉన్న ఊరి గాలి, ఏ అడ్డంకులు దాటి వచ్చు గాలి? ఈ ప్రశ్న అడుగకపోవుట వలన ఒక ఊరిలో రెండు మోటార్లు కాలిపోయినవి, రెండు వందల బస్తాల మక్కలు బూజు పట్టినవి. ఆ సంగతి చెప్పిన పిమ్మట లెక్కకు వచ్చెదను.

సాగరు రహదారి ప్రక్కనున్న ఒక గ్రామమున నలుగురు అన్నదమ్ములు కలిసి అప్పు చేసి మక్కల డ్రయ్యరు పెట్టుకొనిరి. బెండ్లు కాల్చు పొయ్యి, ఆ పొయ్యి వేడిని పీల్చి గింజల క్రిందికి తోయు బ్లోయరు, దానికి 5 హార్సుపవరుల మోటారు. వేసవిలో యాసంగి మక్కలు వచ్చినపుడు అమ్మినవారు వచ్చి, పొయ్యి రాజేసి, మధ్యాహ్నవేళ నడిపి చూపిరి. బాగుగనే నడచినది. ఆ సంవత్సరము వానకాలపు పంట ఆలస్యమై కార్తీక మాసమున కోతకు వచ్చినది. చలి ముదిరిన ఒక తెల్లవారుజామున పంకా వేసిరి. పావుగంటలో స్టార్టరు పడిపోయినది. మరల వేసిరి, మరల పడినది. ఊరి ఎలక్ట్రీషియను వచ్చి రిలే హద్దును పైకి త్రిప్పెను. ఆ రోజు మోటారు కాలినది. చుట్టించి తెచ్చి పెట్టగా వారము లోపల మరల కాలినది. ఈ నడుమ గాదెలో తడి మక్కలు వెచ్చబడి పచ్చబూజు పట్టెను. బూజు పట్టిన మక్కలలో అఫ్లటాక్సిను అను విషము పుట్టును. కోళ్ళదాణా వారు దానిని పరీక్షించి త్రిప్పిపంపుదురు. వారును అట్లే త్రిప్పిపంపిరి.

పెద్దాయన రైతు వేదికకు వచ్చి నాతో అన్నమాట: “సారూ, ఎండకాలం తిప్పి చూపెట్టినప్పుడు మంచిగనే తిరిగింది. గిప్పుడు పొద్దుగాల ఏసుడుతోనే కాలిపోతుంది. కరెంటు మంచిగ లేదా, మోటరే దొంగదా?”

నేనును మొదట ఓల్టేజీనే తప్పు పట్టితిని. ట్రాన్సుఫార్మరు వద్ద కొలిపించగా ఓల్టేజీ సరిగనే యున్నది. మరునాడు తెల్లవారకముందే వెళ్ళి, ఎలక్ట్రీషియను చేత టాంగు టెస్టరు పట్టించి చూచితిమి. మోటారు పలకమీద 7.5 ఆంపియర్లని యున్నది. టెస్టరు 9 చూపినది. పొయ్యి రాజేసి, గాలి బాగుగా కాగిన పిమ్మట చూడగా 7కు దిగినది. మోటారు మారలేదు, కరెంటు మారలేదు. మారినది పంకా పీల్చు గాలి ఒక్కటే.

ఇది ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు పాత మోటబావిని తలచుకొనుడు. మోట ఎన్నిసార్లు పైకి వచ్చినను బానెడే తెచ్చును. అందులో నీరున్న ఎద్దులు ఒగర్చును, నురుగున్న ఎద్దులకు శ్రమయే తెలియదు. పంకాయు ఒక మోట వంటిదే. ఒకే వేగముతో తిరుగుచున్నంత కాలము, ఒకే గొట్టములకు తగిలించి యున్నంత కాలము, అది గంటకు ఇన్ని ఘనపు మీటర్ల గాలిని తోడును. ఆ గాలి బరువైనదైనను తేలికయైనదైనను కొలత మారదు. కాని అది పుట్టించు ఒత్తిడియు, మోటారు పడు శ్రమయు గాలి బరువును బట్టి మారును. గాలి బరువు పదవవంతు తగ్గిన ఒత్తిడి పదవవంతు తగ్గును, శ్రమయు పదవవంతు తగ్గును. బరువు పెరిగినచో రెండును అట్లే పెరుగును.

కేటలాగులలోని అంకెలన్నియు సాధారణముగా ఒక ప్రమాణ గాలికి లెక్కించినవి. సముద్రమట్టమున, 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో, ఒక ఘనపు మీటరు గాలి బరువు 1,200 గ్రాములు. అమెరికా కేటలాగులైనను, మన ఇండియను స్టాండర్డు ప్రకారము చేసినవైనను ఇంచుమించు ఇదే ప్రమాణము. ఆ గాలి మనకు ఎక్కడ దొరకును? హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన ఉన్నది. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరముకంటె నూటికి ఆరు వంతులు తక్కువ. అనగా ఇచ్చట ఏ పని చేయకమునుపే కేటలాగులో ఆరు వంతులు తరుగు. ఆ పైన వేడి. గాలి కాగినకొలది ఉబ్బి తేలికయగునని అందరికి తెలిసినదే. రెండును కలిపి హైదరాబాదు ప్రాంతమునకు నేను కట్టిన లెక్క ఇది:

15 డిగ్రీలు, కార్తీక మార్గశిరముల తెల్లవారుజాము: ఘనపు మీటరు 1,148 గ్రాములు
30 డిగ్రీలు, వానకాలపు పగలు: 1,091 గ్రాములు
42 డిగ్రీలు, వైశాఖపు ఎండ: 1,049 గ్రాములు
60 డిగ్రీలు, డ్రయ్యరు పొయ్యి దాటిన గాలి: 993 గ్రాములు
80 డిగ్రీలు: 936 గ్రాములు

దీనిని మీరే కట్టుకొనవచ్చును. వేడిమికి 273 కలుపుడు. 293ను ఆ మొత్తముచే భాగించి, 1,200చే హెచ్చించి, మన ఎత్తునకు 0.94చే మరల హెచ్చింపుడు. కాకినాడ, భీమవరము వంటి తీరప్రాంతపు పాఠకులు చివరి హెచ్చింపు మానివేయవచ్చును. అరకు లోయలో కాఫీ ఆరబెట్టువారు 0.94కు బదులు 0.90 వాడవలెను, అచ్చటి ఎత్తు 900 మీటర్లకు పైమాట.

తేమను గూర్చి ఒక మాట. వానకాలపు గాలి “బరువుగా” నుండునని మన వాడుక. నిజమునకు నీటి ఆవిరి పొడిగాలికంటె తేలిక. కావున తడిగాలి కొంచెము తేలికయే గాని బరువు కాదు. ఆ తేడా 30 డిగ్రీల వద్ద నూటికి రెండు వంతులకు లోపే, లెక్కలోనికి తీసికొననక్కరలేదు. అయితే ఉడికిన వడ్లను ఆరబెట్టునపుడు బయటికి వచ్చు 60 డిగ్రీల ఆవిరిగాలిని పీల్చు ఎగ్జాస్టు పంకాకు మాత్రము ఈ తేడా ఎనిమిది వంతుల వరకు పోవును, అచ్చట లెక్కింపవలెను. తేమ వలన గింజ ఆరుట మందగించును. అది గాలి ఎంత నీటిని మోయగలదను వేరు ప్రశ్న. పంకా బలమునకు సంబంధించినది కాదు.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల డ్రయ్యరునే లెక్కకు తీసికొందము. గింజలోని నీటిని లాగునది గాలి బరువే గాని గాలి పరిమాణము కాదు. కావున ముందుగా గంటకు ఎన్ని కిలోల గాలి కావలెనో అడుగవలెను. వారి గాదెకు గంటకు 9,000 కిలోలు కావలెను. గింజల పొర, క్రింది జల్లెడ, గొట్టములు కలిసి కలిగించు అడ్డంకి నీటిమట్టములో 80 మిల్లీమీటర్లు.

కేటలాగును ఉన్నది ఉన్నట్లు నమ్మువాడు 9,000 కిలోలను 1.2చే భాగించి 7,500 ఘనపు మీటర్లు, 80 మిల్లీమీటర్ల పంకాను కోరును. ఆ పంకా 60 డిగ్రీల గాలిని పీల్చునపుడు 7,500 ఘనపు మీటర్లు తోడినను అది బరువులో 7,450 కిలోలు మాత్రమే. గింజ ఆరుటకు పట్టు కాలము దాదాపు అయిదవవంతు పెరుగును. రాత్రి పది గంటలకు దింపవలసిన గింజ అర్ధరాత్రి దాటినను దిగదు. రైతు పొయ్యిలో మరిన్ని బెండ్లు వేయును. గాలి మరింత కాగి మరింత తేలికయగును. మిగిలిన గింజ మాడును గాని పని పెరుగదు.

లెక్క తెలిసినవాడు ఇట్లు చేయును. పంకా ద్వారము వద్ద గాలి 60 డిగ్రీలు, ఘనపు మీటరు 0.99 కిలో. కావున కావలసినది గంటకు 9,100 ఘనపు మీటర్లు. ఒత్తిడి 80 కావలెను గాని, తేలికగాలిలో 80 పుట్టవలెనన్న కేటలాగు గాలిలో అంతకంటె ఎక్కువ పుట్టించు పంకా కావలెను. 80ని 1.2చే హెచ్చించి 0.99చే భాగించిన 97 వచ్చును. కావున కేటలాగులో 9,100 ఘనపు మీటర్లు, 97 మిల్లీమీటర్లు అను గడియొద్ద పంకాను వెదుకవలెను. అమ్మినవారు ఇంతవరకు సరిగనే చేసిరి. వారి పంకా కొలతలో తప్పు లేదు.

తప్పు మోటారు వద్ద జరిగినది. ఆ గడిలో పంకా సామర్థ్యము నూటికి 60 అనుకొనిన, కేటలాగు గాలికి 5.4 హార్సుపవరులు కావలెను. 60 డిగ్రీల గాలికి అది 4.4కు తగ్గును. అమ్మినవారు ఈ తగ్గింపును చూచి 5 హార్సుపవరుల మోటారు చాలునని బిగించిరి, వెల కొంత తగ్గినది, రైతు సంతోషించెను. కాని తెల్లవారుజామున పొయ్యి రాజకముందు పంకా పీల్చునది 15 డిగ్రీల గాలి. దానికి 5.15 కావలెను. బెల్టు నష్టము కలిపిన 5.4. ఇంకొకటి కూడ గలదు. ఉదయము గాదె సగమే నిండి యుండును. గింజల పొర పలుచనైన అడ్డంకి తగ్గి, గాలి మరింత పారును. తెడ్డు రెక్కల బ్లోయరునకు గాలి ఎక్కువైనకొలది మోటారుపై బరువు పెరుగును. అన్నియు కలిసి 6కు చేరినది. టెస్టరు చూపిన 9 ఆంపియర్లకు అర్థము ఇదియే. రిలే పడిపోవుచు తన పని తాను చేసినది, దాని హద్దును త్రిప్పుటయే మోటారును చంపినది.

కావున ఒక నియమము గట్టిగా పట్టుకొనవలెను. పంకాను ఎంచునపుడు గాలి అతి తేలికగా నుండు స్థితిని చూడవలెను. మోటారును ఎంచునపుడు గాలి అతి బరువుగా నుండు స్థితిని చూడవలెను. ఈ రెండును ఒకే గంటలో జరుగవు, ఒకే ఋతువులో కూడ జరుగకపోవచ్చును. వేసవి మధ్యాహ్నము నడిపి చూపిన పరీక్ష రెండవదానికి చాలదు.

మరి పొయ్యిని పంకాకు ముందు పెట్టుటకంటె వెనుక పెట్టినచో? ఈ ప్రశ్న తప్పక వేయవలసినది. పంకా చల్లగాలిని పీల్చి పొయ్యిలోనికి తోసినచో, వానకాలపు 30 డిగ్రీల గాలికి 9,000 కిలోలు 8,250 ఘనపు మీటర్లే అగును. అదే 80 మిల్లీమీటర్ల పనికి హార్సుపవరులు నాలుగు చాలును. చలికాలపు తెల్లవారుజామున కూడ 4.2కు మించదు. బెల్టు నష్టము కలిపినను 5 హార్సుపవరుల మోటారు నిశ్చింతగా నడచును. బేరింగులకు వేడి తగులదు, గ్రీసు కరగదు. గ్యాసు బర్నరు గాని, విద్యుత్తు హీటరు గాని, పొగ వేరుగా పోవు పొయ్యి గాని యున్నవారు ఈ పద్ధతినే కోరవలెను. పొగయు వేడియు ఒకటిగానే గింజలోనికి పోవు బెండ్ల పొయ్యికి ఇది కుదరదు. గాలిని లోపలికి తోసినచో నిప్పురవ్వలు, పొగ పొయ్యి తలుపుల సందులనుండి మనుష్యుల మీదికి వచ్చును. అటువంటివారు పంకాను వెనుకనే ఉంచి, పెద్ద మోటారు పెట్టుకొనక తప్పదు. విత్తనపు గింజ ఆరబెట్టువారికి ఈ చిక్కు తక్కువ. విత్తనమునకు గాలి 43 డిగ్రీలు దాటరాదు గనుక, బరువులో తేడా అంతగా నుండదు.

ఆ అన్నదమ్ములు మూడవసారి 7.5 హార్సుపవరుల మోటారు పెట్టుకొనిరి. దానితోబాటు పంకా నోటియొద్ద ఒక రేకు తలుపు బిగించిరి. ఉదయము తలుపు మూడువంతులు మూసి పంకా వేయుదురు. గాలి కాగినకొలది తెరచుదురు. తెడ్డు రెక్కలు, ముందుకు వంగిన రెక్కలు గల బ్లోయర్లకు ఈ ఉపాయము మంచిది. విమానపు రెక్కలవంటి రెక్కలుండి గాలిని తిన్నగా తోయు పంకాలకు మాత్రము ఎన్నడును ఇట్లు చేయకుడు. వాటికి నోరు మూసినకొలది మోటారుపై బరువు పెరుగును. వెనుకకు వంగిన రెక్కల బ్లోయరు కొనగలవారికి ఈ భయమే తక్కువ, అది ఒక హద్దు దాటి మోటారును లాగదు. వెల ఎక్కువ, దుమ్ము పొట్టు అంటినచో తూకము తప్పును. బెండ్ల పొయ్యికి నేను దానిని సిఫారసు చేయను.

గాలి చాలలేదని కొందరు పుల్లీ మార్చి పంకా వేగము పెంచుచున్నారు. వేగము పదవవంతు పెంచిన గాలి పదవవంతు పెరుగును, నిజమే. ఒత్తిడి అయిదవవంతు పెరుగును. మోటారుపై బరువు మాత్రము మూడవవంతు పెరుగును. పది ఇచ్చి ముప్పదిమూడు తీసికొను ఈ బేరము చేయుటకు ముందు టాంగు టెస్టరు చూపు అంకెను, మోటారు పలకమీది అంకెను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను. మోటారు పలకమీది శక్తి కూడ 40 డిగ్రీల లోపు పరిసరములకే చెప్పినది. రేకుల షెడ్డులో పొయ్యి ప్రక్కన వేసవిలో 45, 50 డిగ్రీలు ఉండును. మోటారుకు నీడయు, చల్లగాలియు అందునట్లు చూడవలెను.

ఇంతవరకు గాలి బరువును గూర్చి చెప్పితిని. గాలి పంకా నోటికి ఏ దారిని వచ్చుచున్నదో అదియు అంతే ముఖ్యము. నేను చూచిన పంకాలలో సగము గోడకు అంటుకొని కూర్చున్నవి. పంకా నోటికి గోడకు నడుమ కనీసము నోటి వెడల్పంత ఖాళీ వదలవలెను. నోటికి ఆనుకొని మోచేతివంపు గొట్టము బిగించినచో గాలి సుడి తిరుగుచు లోపలికి వచ్చును. ఆ సుడి రెక్కలు తిరుగు దిక్కునకే యున్న పంకా పని తగ్గును, ఎదురు దిక్కున ఉన్న మోటారుపై బరువు పెరుగును. నోటికి ముందు మూడు వెడల్పుల నిడివి తిన్నని గొట్టము ఉన్నచో ఈ బాధ ఉండదు. మక్కల పొట్టు జాలీకి పట్టి, మధ్యాహ్నమునకు కంబళివలె అగుట మీరెరిగినదే. జాలీని పూటకొకసారి దులుపవలెను. మూసిన షెడ్డులో గింజనుండి వచ్చిన తడిగాలినే పంకా మరల పీల్చుకొనుట మరియొక దోషము. నైరృతి వానల కాలమున గాలి పడమటి నుండి వీచును గనుక, పీల్చు ద్వారము పడమట, విడుచు ద్వారము తూర్పున ఉంచినచో తడిగాలి వెనుదిరుగదు. వానజల్లు లోపలికి రాకుండ పెద్ద చూరు కట్టవలెను.

కోళ్ళ షెడ్డుల సంగతి కొంత వేరు. అచ్చట పంకాలు షెడ్డు చివరనుండి లోపలిగాలిని లాగును. కూలింగు పేడ్లున్న షెడ్డులో, వైశాఖమున బయట 42 డిగ్రీలు, తేమ నూటికి 20 ఉన్నపుడు, పేడు దాటిన గాలి సుమారు 28 డిగ్రీలకు దిగును. కావున పంకా పీల్చు గాలి ఎండగాలికంటె కొంచెము బరువైనదే. ఈ తేడా అయిదు వంతులకు లోపు, దీనికై తల బ్రద్దలు కొట్టుకొననక్కరలేదు. చూడవలసినది అడ్డంకి. అమ్మువారు పంకా గాలిని తరచు ఏ అడ్డంకియు లేని స్థితిలో చెప్పుదురు. పేడ్లు, జాలీలు, షట్టర్లు కలిసి 3 మొదలు 5 మిల్లీమీటర్ల నీటిమట్టపు అడ్డంకి కలిగించును. ఇది చిన్న అంకెవలె కనబడినను, తేలికపాటి ఎగ్జాస్టు పంకాలకు ఇదే కొండ. బోరునీటి సున్నము పేడ్లకు పట్టినచో అడ్డంకి ఏటేట పెరుగును. కావున “5 మిల్లీమీటర్ల వద్ద గాలి ఎంత?” అని అడిగి, ఆ అంకెను బట్టి పంకాల సంఖ్యను నిర్ణయింపవలెను. వానకాలమున పేడ్లు వేడిని రెండు మూడు డిగ్రీలకంటె తగ్గింపలేవు. అప్పుడు కోడికి తగులు గాలివేగమే ఉపశమనము.

మామిడి మాగవేయు గదులు కార్బైడును నిషేధించిన తరువాత మన ప్రాంతమున పెరిగినవి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కార్బైడుతో మాగవేసిన పండ్ల అమ్మకమును నిషేధించినవి. ఇథిలీను వాయువును పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళ వరకు వాడవచ్చును. గదిలో గాలి 20 డిగ్రీల సమీపమున ఉండును గనుక వేడి తరుగు లేదు, మన ఎత్తువలని ఆరు వంతుల తరుగు మాత్రమే. అయితే కాయను మధ్యాహ్నపు ఎండనుండి 38, 40 డిగ్రీల వేడితో లోపల పేర్చినచో మొదటి పూట గది గాలి అంతయు కాగియుండును. పంకా పని అత్యవసరమైన వేళనే అది తేలికగాలిని త్రిప్పుచుండును. కాయను తెల్లవారుజామున లోపల పెట్టుట మేలు. కాయ విడుచు బొగ్గుపులుసు గాలిని తోలివేయుటకు వేరుగా ఒక చిన్న పంకా ఉండవలెను. అది నూటికి ఒక వంతు మించిన మాగుట మందగించును.

సహకార సంఘముల కార్యదర్శులకు, గ్రామాధికారులకు ఒక మనవి. సంఘము తరఫున డ్రయ్యరు కొనుటకు కొటేషనులు పిలుచునపుడు “5 హార్సుపవరుల బ్లోయరు” అని వ్రాయకుడు. ఇట్లు వ్రాయుడు: “గంటకు 9,000 కిలోల గాలి. పంకా ద్వారము వద్ద 60 డిగ్రీలు. స్థలము ఎత్తు 500 మీటర్లు. ఆ స్థితిలోనే 80 మిల్లీమీటర్ల ఒత్తిడి. 15 డిగ్రీల గాలితో, సగము నిండిన గాదెతో ప్రారంభించినను మోటారు తన హద్దు దాటరాదు.” ఈ అయిదు వాక్యములకు లిఖితపూర్వకముగా జవాబు ఇచ్చువానివద్దనే కొనుడు. అంకెలు మీ అవసరమును బట్టి మారును, వాక్యములు మారనక్కరలేదు. బ్లోయర్లకు ఐ.ఎస్. 4894, తిన్నగా తోయు పంకాలకు ఐ.ఎస్. 3588 అను ఇండియను స్టాండర్డులు గలవు. వాటి ప్రకారము పరీక్షించిన పంకా కాగితము అడుగుట మీ హక్కు.

బిగించిన పిమ్మట పరీక్ష మీరే చేసికొనవచ్చును. రెండు గజముల పారదర్శకపు ప్లాస్టికు గొట్టమును ఇంగ్లీషు యు అక్షరమువలె వంచి, పలకకు కట్టి, సగమువరకు రంగు నీరు పోయుడు. ఒక కొనను గింజల క్రింది గాలి అరలో పెట్టి, రెండవ కొనను బయట వదలుడు. రెండు నీటిమట్టముల నడుమ తేడాయే మిల్లీమీటర్లలో ఒత్తిడి. పంకా ద్వారము వద్ద ఒక ధర్మామీటరు వ్రేలాడదీయుడు. మోటారు తీగకు టాంగు టెస్టరు పట్టింపుడు. ఈ మూడు అంకెలను చలి తెల్లవారుజామున ఒకసారి, పొయ్యి పూర్తిగా కాగిన పిమ్మట ఒకసారి, వేసవి మధ్యాహ్నము ఒకసారి వ్రాసి ఉంచుడు. పెద్దాయన వాటిని డ్రయ్యరు గోడమీద బొగ్గుతో వ్రాసికొనెను. నేను నోటుపుస్తకము ఇచ్చితిని గాని అది మనుమడి బడిసంచిలోనికి పోయినదట.

అంకెలు పలక హద్దు దాటిన యెడల పంకా ఆపి, రిలేను ముట్టుకొనక, ఆ కాగితముతోను, పంకా కేటలాగుతోను మీ మండల వ్యవసాయాధికారి వద్దకు రండు. పెద్ద డ్రయ్యర్ల విషయమున సంగారెడ్డి వద్ద కందిలోని వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల వారిని మా ద్వారా సంప్రదింపవచ్చును. మోటారు పలకమీది అంకెలు వ్రాసికొని వచ్చుట మరువకుడు. ఫోనులో ఫోటో తీసినను చాలును.